అకామా లేని కష్టం

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయుల్ని అమృత్‌సర్‌లో దించింది. వాళ్ల సంకెళ్ల గురించి దేశమంతా మాట్లాడుకుంది. అనుమతి లేకుండా పరాయి దేశంలో పనిచేయడం అనగానే ఇప్పుడు చాలామంది కళ్ల ముందు కదిలేది అదే: అడవులు దాటి, కంచెలు దూకి, దొంగదారిన వెళ్లిన మనిషి. కానీ తెలుగు నేల నుంచి వెళ్లి కాగితాలు లేకుండా పనిచేస్తున్నవాళ్లలో అలా వెళ్లినవాళ్లు తక్కువ. గల్ఫ్‌కు పోయినవాళ్లలో దాదాపు లేరనే చెప్పాలి. అందరూ శంషాబాద్‌లోనో ముంబైలోనో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, అందరూ చూస్తుండగా విమానం ఎక్కినవాళ్లే. దిగిన రోజున వీసా ఉంది. ఏడాదికో రెండేళ్లకో అదే మనిషి ఖల్లివెల్లి అయ్యాడని ఊళ్లో కబురు తెలుస్తుంది. అంటే కఫీల్‌ను వదిలేశాడు, అకామా (నివాస అనుమతి) లేదు, దొరికిన చోట దొరికిన పని చేసుకుంటున్నాడు.

ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. ప్రభుత్వాలు దీన్ని చొరబాటు అంటాయి. మన టీవీ చర్చలు అత్యాశ అంటాయి. నలభై ఏళ్లుగా నడిచినదాన్ని వరసగా చూస్తే మాత్రం, ఎక్కువ సందర్భాల్లో అది కూలీ బతుకును నిలిపే కాగితం కూలీ చేతిలో కాక యజమాని చేతిలో ఉండటం వల్ల పుట్టిన పరిస్థితి.

గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిలో విదేశీ కూలీ ఉండటానికీ పనిచేయడానికీ పూచీ ఒక స్థానికుడిదో ఒక కంపెనీదో. అతనే కఫీల్. అకామా తీయించేది, ఏటా రెన్యువల్ చేయించేది అతనే. కూలీ తన జేబులో డబ్బు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లినా ఆ పని తనంతట తాను చేసుకోలేడు. ఇక ఖర్చు చూడండి. సౌదీ ప్రభుత్వం 2018 జనవరి నుంచి ఒక్కో విదేశీ కార్మికుడి మీద కంపెనీ నెలకు 300 నుంచి 400 రియాళ్లు కట్టాలంది. 2020 నాటికి దాన్ని 700, 800కు పెంచింది. కంపెనీలో విదేశీయులు సౌదీల కన్నా ఎక్కువ ఉంటే పెద్ద రేటు, తక్కువుంటే చిన్న రేటు. ఆ సొమ్ము ఎగ్గొట్టాలనుకున్న చిన్న కాంట్రాక్టరు అకామా రెన్యువల్ మానేస్తే చాలు. అప్పటిదాకా లేబర్ క్యాంపులో పడుకుని, పొద్దున్నే బస్సెక్కి పనికి పోతున్న మనిషి, తాను ఏ తప్పూ చేయకుండానే, ఒక తేదీ దాటగానే చట్టవిరుద్ధం అయిపోతాడు. షుర్తాలు (పోలీసులు) రోడ్డు మీద ఆపితే పట్టుకుపోయేది అతన్నే.

2016లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. చమురు ధర పడిపోయి సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలే నెలల తరబడి జీతాలు ఆపేశాయి. జెడ్డా చుట్టుపక్కల క్యాంపుల్లో వేలమంది భారతీయ కార్మికులు తిండికి కూడా అల్లాడితే మన కాన్సులేట్ బియ్యం, పప్పు పంచింది. విదేశాంగ సహాయ మంత్రి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. చాలామందికి అకామా గడువు అయిపోయింది. ఇంటికి పోదామంటే ఎగ్జిట్ (దేశం విడిచే అనుమతి) కొట్టాల్సింది కంపెనీయే, కంపెనీ ఆఫీసులో పలికేవాడు లేడు. ఉండటానికి వీల్లేదు, పోవటానికీ వీల్లేదు. అలాంటప్పుడు బయట ఎవరో రోజుకూలీ ఇస్తానంటే వెళ్లినవాడిని నేరస్థుడనడానికి నాకు నోరు రాదు.

మనిషి కాగితాలు పోగొట్టుకునే రెండో దారి హురూబ్. కార్మికుడు పారిపోయాడని కఫీల్ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ఆ ముద్ర పడుతుంది. నిజంగా పారిపోయినవాళ్ల మీదా పెడతారు, జీతం అడిగినవాళ్ల మీదా పెడతారు. జీతం బకాయి కోసం లేబర్ కోర్టుకు వెళ్లిన మనిషి, అక్కడికి చేరేలోపే తన మీద హురూబ్ ఉందని తెలుసుకోవడం గల్ఫ్ బాధితుల సంఘాల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు. దీని దుర్వినియోగాన్ని సౌదీ ప్రభుత్వమే గుర్తించింది. 2022లో నిబంధన మార్చి, ఫిర్యాదు పడిన వెంటనే మనిషిని నేరస్థుడిగా చూడకుండా, వేరే యజమాని దగ్గరికి మారడానికో దేశం విడిచి వెళ్లడానికో 60 రోజుల గడువు పెట్టింది. మంచి మార్పే. కానీ భాష రానివాడికి, ఫోను సిమ్ కూడా కఫీల్ పేరు మీద ఉన్నవాడికి, అరవై రోజుల్లో కొత్త కంపెనీ దొరకడం అంత తేలిక కాదు.

మూడోది ఆజాద్ వీసా. ఇక్కడ మాత్రం కూలీ అమాయకుడని చెప్పలేం. పని ఇచ్చే ఉద్దేశం లేని కఫీల్, కాగితం మీద మాత్రం డ్రైవరనో తోటమాలి అనో చూపించి వీసా తీస్తాడు. దాన్ని ఏజెంటు కొంటాడు, ఏజెంటు దగ్గర మనవాడు కొంటాడు. దిగాక బయట ఎక్కడైనా పనిచేసుకోవచ్చు, ఏడాదికోసారి కఫీల్‌కు ముట్టజెప్పాలి. ఏ గల్ఫ్ దేశంలోనూ దీనికి చట్టంలో చోటు లేదు. ఒకరి వీసా మీద వచ్చి ఇంకొకరి దగ్గర పనిచేయడమే నేరం. అయినా నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఊళ్లలో ఆజాద్ వీసాకు ఉన్న మర్యాద కంపెనీ వీసాకు లేదు. బేరమాడుకునే వీలుండటం, బయటి కూలీ కంపెనీ జీతం కన్నా మెరుగ్గా ఉండటం, ముదీర్ (మేనేజర్) తిట్లు పడనక్కర్లేకపోవడం దానికి కారణాలు. ఒక్క యజమానికి కట్టేసే చట్టం ఉన్న చోట, స్వేచ్ఛను దొంగసరుకుగా అమ్ముకునే బజారు పుట్టడం సహజం. ఆ బజారులో లాభపడేది పౌరుడైన కఫీల్, ఇక్కడి ఏజెంటు. పట్టుబడి జైలుకు పోయేది వాళ్లిద్దరూ కాదు.

కువైట్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడికి వెళ్లేవాళ్లలో ఆంధ్ర ఆడవాళ్లు ఎక్కువ. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి తరాలుగా వెళ్తున్నారు. కువైట్‌లో ప్రైవేటు కంపెనీల వీసాకు ఆర్టికల్ 18 అని, ఇళ్లలో పనిచేసేవాళ్ల వీసాకు ఆర్టికల్ 20 అని పేరు. ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) వెళ్లిన మనిషి పనిచేసే చోటూ, పడుకునే చోటూ ఒకటే. తలుపు తాళం ఇంటావిడ దగ్గర ఉంటుంది. 2015లో కువైట్ ఇంటి పనివాళ్లకు ఒక చట్టం చేసింది: రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు. గల్ఫ్‌లో అలాంటి చట్టాల్లో ఇది ముందు వరసలోదని అప్పట్లో మెచ్చుకున్నారు. కానీ ఇంటి నాలుగు గోడల మధ్య ఎన్ని గంటలు పని జరిగిందో ఏ ఇన్‌స్పెక్టరు లెక్కేస్తాడు? తట్టుకోలేక బయటపడిన మనిషి అదే రోజు నుంచి అక్రమ నివాసి. ఆ తర్వాత నలుగురైదుగురు కలిసి గది అద్దెకు తీసుకుని, గంటల లెక్కన నాలుగిళ్లలో పనిచేసుకుంటే, ముందు ఇంటి కన్నా నాలుగు దినార్లు ఎక్కువే వస్తాయి, రాత్రి నిద్రా పడుతుంది. చట్టం లోపల ఉన్న పని కన్నా చట్టం బయట ఉన్న పని నయమనిపించే పరిస్థితి ఇది. 2024 జూలై నుంచి రెండు నెలలపాటు కువైట్ ఆర్టికల్ 20 వాళ్లను ఆర్టికల్ 18కి మారనిచ్చింది. అయితే యజమాని ఒప్పుకుంటేనే. ఆ షరతు దగ్గరే చాలామందికి తలుపు మూసుకుపోయిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు అక్కడి తప్పులు. మన దేశం వాటా కూడా చిన్నది కాదు.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) హోదా ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయ్‌లాండ్‌తో కలిపి 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్ వ్యవస్థలో యజమాని వివరాలు, జీతం, కాంట్రాక్టు అన్నీ నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా కూడా అందులో భాగమే: రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు. లైసెన్సు ఉన్న ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ. కాగితం మీద చక్కటి ఏర్పాటు. దీన్ని తప్పించుకోవడానికి ఏజెంటు చేయాల్సిందల్లా ఒక్కటే: వర్క్ వీసా బదులు విజిట్ వీసా తీయడం. టూరిస్టుగా పోయేవాడికి ఎమిగ్రేషన్ అనుమతి అడగరు. దుబాయ్‌లో దిగాక విజిట్‌ను వర్క్ పర్మిట్‌గా మార్చుకునే వీలుంది కాబట్టి "అక్కడికెళ్లాక మార్చేస్తార్లే" అన్న మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. కొందరికి మారుస్తారు. మిగిలినవాళ్లతో రెండు నెలలు పనిచేయించుకుని, వీసా గడువు తీరాక రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతున్న కూలీని రోడ్డు మీద వదిలేస్తారు. ఈ-మైగ్రేట్‌లో అతని పేరు లేదు, 275 రూపాయల బీమా లేదు, మన ఎంబసీ లెక్కల్లో అతనొక టూరిస్టు.

ఇళ్లలో పనికి ఈసీఆర్ దేశాలకు వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నియమం కూడా ఇలాంటిదే. ఉద్దేశం రక్షణ. ఫలితం వేరు. పాతికేళ్ల మనిషికి అప్పు తీర్చే దారి కావాలి, ఏజెంటుకు కమీషన్ కావాలి, నియమం ఇద్దరినీ విజిట్ వీసా వైపు నెడుతుంది. వద్దన్న ప్రయాణం ఆగదు, రికార్డులోంచి మాయమవుతుందంతే. రక్షణ పేరిట పెట్టే నిషేధాల మీద ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఏళ్లుగా చెబుతున్న అభ్యంతరం ఇదే. నాకు అది సరైనదిగానే కనిపిస్తుంది.

ఈ విజిట్ వీసా దారే ఇటీవల తూర్పుకు తిరిగి ఇంకా భయంకరంగా మారింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్ తీసుకెళ్లి, అక్కడి నుంచి మయన్మార్ సరిహద్దు దాటించి సైబర్ మోసాల కేంద్రాల్లో కూర్చోబెట్టడం, కంబోడియాలో అదే పని చేయించడం బయటపడ్డాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఈ ముఠాల గుట్టు విప్పారు. ఆ నెలలోనే కంబోడియాలో చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు. ఇక్కడ బలి అయినవాళ్లు పదో తరగతి తప్పినవాళ్లు కాదు, డిగ్రీలున్న కుర్రాళ్లు. కంబోడియా ఈసీఆర్ జాబితాలోనే లేదు, జాబితాలో ఉన్నా వీళ్ల పాస్‌పోర్టులకు అది వర్తించదు. చదువు తక్కువైనవాడికే రక్షణ కావాలన్న 1983 నాటి ఊహ ఎంత పాతబడిందో దీన్నిబట్టి చూడొచ్చు.

చదువుకున్నవాళ్ల మాట వచ్చింది కాబట్టి అమెరికా సంగతి. ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలే పనిచేయాలి. బయట పెట్రోలు బంకులో, రెస్టారెంటులో నగదు తీసుకుని పనిచేస్తే అది అనుమతి లేని పని. కువైట్ వీధిలో గంటల లెక్కన గిన్నెలు తోమే ఖద్దామా చేసేదీ చట్టం దృష్టిలో అదే. మనం మాత్రం ఒకరిని ఖల్లివెల్లి అంటాం, ఇంకొకరిని "పార్ట్‌టైమ్ చేసుకుంటున్నాడు" అంటాం. సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈ పార్ట్‌టైమ్ ప్రస్తావన వస్తే అది కష్టపడే గుణానికి సాక్ష్యం! తప్పొప్పుల సంగతి పక్కన పెడితే, ఒకే పనికి ఊరి వాడలో ఒక పేరు, కాలనీ ఫ్లాటులో ఒక పేరు పెట్టడం మన సమాజంలో మనం గమనించని పక్షపాతం.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని బూటకపు ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగినప్పుడు అందులోని 1,500 పైచిలుకు విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో చాలామంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. ఆ సంస్థ యజమానికి 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ వ్యవహారం ఇంకో రకం: మిషిగన్‌లో ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. తరగతుల్లేవు, పాఠాల్లేవు. ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుంటే పనిచేసుకునే కాగితం వస్తుంది. దాదాపు 600 మంది చేరారు. విద్యార్థుల్ని చేర్పించిన 8 మంది దళారుల మీద కేసులు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ విద్యార్థులకు అది బూటకమని తెలుసా, తెలియదా అన్న వాదన అప్పట్లో చాలా నడిచింది. కొందరికి బాగా తెలుసు. వేరే కాలేజీ గుర్తింపు రద్దయి, ఎక్కడో ఒక చోట చేరకపోతే వీసా పోతుందన్న భయంతో చేరినవాళ్లూ ఉన్నారు. ఆజాద్ వీసా కొన్నవాడిలా వీళ్లదీ సగం తెలిసీ సగం తెలియని స్థితి.

అమెరికా చరిత్రలో ఒక వింత ఉంది. 1952 నాటి చట్టం అక్రమంగా వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇవ్వడాన్ని నేరం చేసింది, కానీ వాళ్లకు పని ఇవ్వడం ఆశ్రయం కిందికి రాదని అందులోనే మినహాయించింది. దాన్ని టెక్సాస్ ప్రొవైజో అంటారు, టెక్సాస్ రైతుల ఒత్తిడితో వచ్చింది కాబట్టి. తెలిసీ అనుమతి లేనివాళ్లను పనిలో పెట్టుకోవడం దేశమంతటా నేరమైంది 1986లోనే. ఆ చట్టమే సుమారు 27 లక్షల మందికి కాగితాలూ ఇచ్చింది. యజమాని ఐ-9 ఫారం నింపాలి, చూపించిన పత్రాలు నిజమైనవిగా కనిపిస్తే చాలు. దాంతో నకిలీ పత్రాల వ్యాపారం పెరిగింది, యజమానికి మాత్రం "నేను చూశాను, బాగానే ఉన్నాయి" అన్న సాకు మిగిలింది.

ఎంతమంది ఉన్నారన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు. అమెరికాలో కాగితాలు లేని భారతీయులు ప్యూ పరిశోధన సంస్థ లెక్కలో సుమారు 7 లక్షలు, అమెరికా హోంలాండ్ శాఖ 2022 లెక్కలో 2,20,000. ఒకే దేశం, దాదాపు ఒకే కాలం, మూడు రెట్ల తేడా. గల్ఫ్‌లోనైతే క్షమాభిక్ష పెట్టినప్పుడు ఎంతమంది బయటికొచ్చారన్నదే లెక్క. కాబట్టి ఈ విషయంలో "ఇన్ని లక్షలు" అని ఎవరైనా ధీమాగా అంటే కొంచెం ఆగి వినాలి.

ఐరోపాలో రెండు దారులు కనిపిస్తాయి. బ్రిటన్ 2016లో అనుమతి లేకుండా పనిచేయడాన్నే నేరం చేసింది. అలా సంపాదించిన జీతాన్ని నేరం వల్ల వచ్చిన సొమ్ముగా జప్తు చేయొచ్చు. యజమాని జరిమానాను 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి 45,000 పౌండ్ల దాకా, మళ్లీ దొరికితే 60,000 దాకా పెంచింది. అదే బ్రిటన్‌లో 2004 ఫిబ్రవరిలో మోర్‌కాంబ్ తీరంలో గుల్లలు ఏరుతూ చైనా కూలీలు ఇరవై మందికి పైగా ఆటుపోట్లలో మునిగి చనిపోయారు. ఆ చావుల తర్వాతే కూలీ మేస్త్రీలకు లైసెన్సు పెట్టే చట్టం వచ్చింది. ఐరోపా సమాఖ్య 2009 నాటి ఆదేశం మాత్రం ఇంకో సంగతి చెప్పింది: కాగితాలు లేని కూలీకి కూడా యజమాని జీతం బకాయి కట్టాలి, ఎన్ని నెలలు చేశాడో తేలకపోతే కనీసం మూడు నెలలు చేసినట్టు లెక్క. అయినా 2024 జూన్‌లో ఇటలీలోని లతీనా దగ్గర పొలంలో యంత్రంలో చెయ్యి తెగిపోయిన పంజాబీ కూలీని యజమాని ఆసుపత్రికి కాక ఇంటి ముందు వదిలేసి వెళ్లాడు. ఆ మనిషి బతకలేదు. కాగితం లేని మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే పేరు చెప్పాలి, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో చెప్పాలి. ఆ చావు వెనక ఉన్నది ఆ భయమే అనిపిస్తుంది.

అవతలి వాదనను కొట్టిపారేయకూడదు. ఖతార్, యూఏఈ జనాభాలో పౌరులు పది మందిలో ఒకరికి అటూ ఇటూ. అలాంటి దేశం తన గడ్డ మీద ఎవరున్నారో లెక్క పెట్టుకోవాలనుకోవడం తప్పు కాదు. అమెరికాలో అడుగున ఉన్న కూలీ, తన రేటు తగ్గించేది ఈ కొత్తగా వచ్చినవాళ్లే అని నమ్మడంలోనూ అర్థం ఉంది. 1980లో క్యూబా నుంచి 1,25,000 మంది ఒక్కసారిగా మయామీకి వస్తే స్థానిక జీతాలకు ఏమీ కాలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో తేల్చాడు. కాదు, బడి చదువు పూర్తి కానివాళ్ల జీతాలు బాగా పడ్డాయని మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ 2017లో అదే సమాచారాన్ని తిరగతోడి చెప్పాడు. ఆ తగవు ఇంకా తెగలేదు. దానికన్నా నాకు ఉపయోగకరంగా తోచింది ఇంకో అధ్యయనం. 1942 నుంచి మెక్సికో కూలీలను పొలాలకు తెచ్చిన బ్రసేరో పథకాన్ని స్థానికుల జీతాలు పెరగాలనే 1964 చివర్లో ఆపేశారు. పెరగలేదని, రైతులు యంత్రాలకో వేరే పంటలకో మారారని క్లెమెన్స్, లూయిస్, పోస్టెల్ అనే పరిశోధకులు 2018లో చూపించారు. అంటే తలుపు మూసినంత మాత్రాన లోపలివాడి కూలీ పెరుగుతుందన్న హామీ లేదు.

ఇక విరుగుడు సంగతి. గల్ఫ్‌కు అలవాటైన మందు క్షమాభిక్ష. యూఏఈ 1996, 2003, 2007, 2012, 2018, 2024ల్లో పెట్టింది. కువైట్ 2018, 2020, 2024ల్లో పెట్టింది. సౌదీ 2013లో నితాఖత్ (స్థానికులకు ఉద్యోగాల కోటా) గడువు ఇచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చారు, 2017లో మళ్లీ పెట్టింది. జరిమానా మాఫీ, జైలు లేదు, ఎంబసీ నుంచి అవుట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇచ్చే ప్రయాణ పత్రం) తీసుకుని ఇంటికి పోవచ్చు. ఏళ్ల తర్వాత పిల్లల ముఖం చూడబోయేవాడికి అది వరమే. పక్కాగా పనిచేసే మందైతే మాత్రం ప్రతి నాలుగైదేళ్లకూ మళ్లీ ఎందుకు వేయాలి? కారణాన్ని ముట్టుకోకుండా కూలీని మార్చుతున్నారు. పాతవాళ్లు పోతారు, అదే కఫీల్ కొత్త వీసాలు అమ్ముతాడు.

స్పెయిన్ 2005లో ఇంకోలా చేసింది. కనీసం ఆరు నెలల ఉద్యోగ ఒప్పందంతో యజమాని దరఖాస్తు పెట్టాలి, సామాజిక భద్రతలో నమోదు చేసి చందా కట్టడం మొదలుపెడితేనే పర్మిట్ అమల్లోకి వస్తుంది. అయిదున్నర లక్షలకు పైగా మందికి కాగితాలొచ్చాయి. ఒక్కొక్కరి వల్ల ఏటా ఖజానాకు సుమారు 4,000 యూరోలు అదనంగా చేరాయని తర్వాతి అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. అడుగు మెట్టు కూలీల్లో కొందరికి పని తగ్గిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అమెరికాలో 1986లో కాగితాలొచ్చినవాళ్ల జీతం ఆరు శాతం వరకు పెరిగినట్టు ఇంకో అంచనా. చిన్న పెరుగుదలే, కానీ కాగితం లేకపోవడం వల్ల అంతకుముందు ఎంత కోత పడిందో అది చెబుతుంది.

గల్ఫ్‌కు అన్నిటికన్నా దగ్గరి పాఠం గల్ఫ్‌లోనే ఉంది. 2011 జనవరిలో యూఏఈ, కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు పాత యజమాని ఎన్ఓసీ లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చంది. నాయుడు, న్యార్కో, వాంగ్ అనే ఆర్థికవేత్తలు జీతాల రికార్డులు పట్టుకుని చూస్తే, అలా వీలు దొరికినవాళ్ల సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. విచిత్రమేమిటంటే వాళ్లు కంపెనీలు వదిలి పరుగెత్తలేదు. దేశం విడిచిపోవడం తగ్గి, పాత కంపెనీలోనే నిలిచినవాళ్లు పెరిగారు. వదిలితే పారిపోతారన్న భయంతోనే కదా కఫాలా నిలబడింది! నష్టం కూడా ఉంది. కొత్తగా వచ్చేవాళ్లకు గిరాకీ, జీతం కొంత తగ్గాయి, అంటే ఇంకా ఊళ్లో ఉండి పాస్‌పోర్టు తీయించుకుంటున్నవాడి మీద ఆ భారం పడింది. మేలు ఎవరికి, ఎంత అన్నది చూసే మాట్లాడాలి.

బహ్రెయిన్ ఇంకో అడుగు వేసింది. 2017 జూలైలో ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చి, కాగితాలు లేనివాళ్లు కఫీల్ లేకుండా తమ పర్మిట్ తామే కొనుక్కునే వీలిచ్చింది. ఫీజులు బరువే, నెలనెలా కట్టాల్సిందీ ఉంది. అయినా ఆజాద్ వీసా దొంగ బజారులో కఫీల్‌కు పోయే సొమ్ము ప్రభుత్వానికి పోతే, కూలీకి కాగితమూ దక్కింది. స్థానిక వ్యాపారులు మొదటి నుంచీ వ్యతిరేకించారు, 2022లో దాన్ని తీసేసి వేరే నమోదు పథకం పెట్టారు. ఖతార్ 2020లో, సౌదీ 2021 మార్చిలో యజమాని మారే నిబంధనలు సడలించాయి. సౌదీ సడలింపు ఇంటి పనివాళ్లకు, డ్రైవర్లకు, తోటమాలులకు వర్తించదు. ఆజాద్ వీసాలు ఎక్కువగా ఆ పేర్ల మీదే వస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

వీటన్నిటి మధ్య ఎప్పుడూ పక్కకు జరిగిపోయేది జీతం బకాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1975 నాటి 143వ ఒప్పందం, ఐక్యరాజ్యసమితి 1990 నాటి వలస కార్మికుల ఒప్పందం, రెండూ ఒకే మాట చెబుతాయి: కాగితాలు లేకపోయినా చేసిన పనికి కూలీ హక్కే. రెండో ఒప్పందం 2003లో అమల్లోకి వచ్చింది. గల్ఫ్ దేశాలు సరే, అమెరికా సరే, ఇంతమందిని పంపుతున్న భారతదేశం కూడా దాన్ని ఆమోదించలేదు. మనమే సంతకం చేయని కాగితం పట్టుకుని రియాద్‌ను ఎలా అడుగుతాం? అమెరికాలో చేసిన పనికి కనీస వేతనం అడిగే హక్కు కాగితాలు లేనివాడికీ ఉంది. కానీ సంఘం పెట్టినందుకు తీసేస్తే ఆ తర్వాతి కాలపు జీతం అడగలేడని 2002లో హాఫ్‌మన్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. హక్కు ఉన్నా, అడగడానికి వెళ్తే వీసా సంగతి బయటపడుతుందన్న భయం చాలు నోరు మూయించడానికి. పెట్రోలు బంకు యజమాని మనవాడే అయినా ఆ భయాన్ని వాడుకోడని ఏమీ లేదు.

క్షమాభిక్షలో మాఫీ అయ్యేది కూలీ ప్రభుత్వానికి బాకీ పడ్డ జరిమానా. యజమాని కూలీకి బాకీ పడ్డది మాఫీ అయిందని ఎవరూ ప్రకటించరు కానీ, విమానం ఎక్కిన క్షణం నుంచి ఆచరణలో అదీ మాఫీయే. 2020లో కోవిడ్ వల్ల లక్షలమంది వెనక్కి వచ్చినప్పుడు మైగ్రెంట్ ఫోరమ్ ఇన్ ఏషియా వంటి వేదికలు జీతాల దోపిడీ మీద ఉద్యమం మొదలుపెట్టడానికి కారణం ఇదే. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడ్డాక 2021లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. మంచిదే, చచ్చిపోయాక ఇచ్చేది. బతికి వచ్చినవాడి బకాయికి దారి లేదు.

1983 చట్టం స్థానంలో కొత్త చట్టానికి 2021లో ఒకటి, 2025లో ఒకటి ముసాయిదాలు వచ్చాయి. ఏజెంట్ల లైసెన్సుల గురించి, శిక్షల గురించి వాటి మీద చర్చ జరుగుతోంది. దానికి నేను చేర్చాలనుకునేది చిన్న ఏర్పాటు. ఎంబసీలో అవుట్‌పాస్ ఇచ్చే కౌంటరు దగ్గరే, పక్క కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఎన్ని నెలలు చేశావు, ఎంత రావాలి అని రాయించి, పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం తీసుకోవాలి. కఫీల్ పేరు, అకామా నంబరు పాతదైనా ఫర్వాలేదు. ప్రవాస భారతీయుల కోసం కేంద్రం పెట్టిన సంక్షేమ నిధి 2009 నుంచీ ఉంది, లాయరు ఖర్చుకు అందులో డబ్బుంది. జగిత్యాలలోనో రాయచోటిలోనో కూర్చున్న మనిషి తరఫున ఆ కేసు అక్కడి లేబర్ కోర్టులో నడవడానికి అంతకన్నా పెద్ద చట్టం అవసరం లేదు.